క్యాంపింగ్ ట్రైలర్ కింద పీవీసీ పైపులు బిగించి సామాను పెట్టుకోవచ్చా? మన రోడ్ల మీద నిలుస్తాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఒంగోలులో ఉంటారు, బొలెరో వెనక తగిలించుకునే చిన్న క్యాంపింగ్ ట్రైలర్ ఉంది, ఒకటే యాక్సిల్. లోపల మనుషులు పడుకోవడానికే చోటు సరిపోతోంది. పందిరి రాడ్లు, టెంటు కర్రలు, గాలపు కర్రలు, నీళ్ల పైపు ఎక్కడ పెట్టాలో తెలియక పరుపుల మీదే వేసుకుని తిరుగుతున్నారు. ఛాసిస్ కింద, అంటే ట్రైలర్ అడుగున ఉండే ఇనుప చట్రం కింద, లావుపాటి పీవీసీ పైపులు బిగించి అందులో దూర్చేస్తే ఎలా ఉంటుందని అడిగారు.

బాగానే ఉంటుంది. నాది నెల్లూరు వైపు, నా ట్రైలర్ కింద అలాంటివి రెండున్నాయి. హైవే కుదుపులు, రోహిణి కార్తె ఎండలు, మైపాడు ఉప్పుగాలి అన్నీ చూశాయి, ఇంకా గట్టిగానే ఉన్నాయి. అయితే ఈ పని గురించి అడిగేవాళ్లంతా పైపు గురించే అడుగుతారు: ఏ కంపెనీది, ఎంత లావు, ఏ రంగు అని. పైపు దగ్గర తేడా వచ్చేది తక్కువ. తేడా అంతా దాన్ని పట్టుకునే పట్టీల దగ్గర, అది వేలాడే చోటు దగ్గర వస్తుంది. కాబట్టి ముందు పైపు సంగతి తేల్చేసి అసలు పనికి వెళ్దాం.

షాపులో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి డ్రైనేజీకి వాడే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు, రెండోది పొలాలకీ రొయ్యల గుంటలకీ వాడే ప్రెషర్ పైపు. మీరు ప్రెషర్ పైపే తీసుకోండి. దాని మీద ఐఎస్ 4985 అన్న నంబరు, పక్కన ఎన్ని కేజీల ప్రెషర్ తట్టుకుంటుందో ముద్ర ఉంటుంది. 160 మి.మీ. పైపు, అంటే మనవాళ్లు ఆరంగుళాలు అనేది, నాలుగు కేజీలది సరిపోతుంది. గోడ మందం మూడున్నర మి.మీ. అటూ ఇటూ, మీటరు బరువు రెండున్నర కిలోలు అటూ ఇటూ. లోపల మీటరుకు పద్దెనిమిది లీటర్ల చోటు వస్తుంది. నాలుగంగుళాలది అందులో సగం కూడా రాదు, పైగా చెయ్యి లోపలికి పోదు. ఉత్త గాలపు కర్రలకైతే అది చాలు కానీ, పట్టా చుట్టి తొయ్యాలంటే కుదరదు. కొలిచేటప్పుడు నీళ్ల పైపు లావు కాదు, దాని చివర ఉండే కప్లింగు లావు కొలవండి. ఇరుక్కునేది అక్కడే.

ఆరు మీటర్ల పొడవు పైపు కొనమంటారు, మీకు అంత అక్కర్లేదు. కావలి, అల్లూరు, ఇందుకూరుపేట, కోట, ఈ రొయ్యల గుంటలున్న చోట్ల ముక్కలకి కొదవ ఉండదు. గుంట పని అయిపోయాక గట్టు మీద రెండేసి మీటర్ల ముక్కలు పడి ఉంటాయి. ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న ముక్క మాత్రం వద్దు. పైన సున్నం రాలినట్టు తెల్లగా పొడి వస్తుందంటే దాని సత్తువ పోయినట్టే, రాయి తగిలితే పగులుతుంది.

ఇంకో మంచి సరుకు బోరు కేసింగ్ పైపు, ఆ నీలం రంగుది. ప్రకాశం జిల్లా పడమటి వైపు బోరు బండి రాని ఊరు లేదు కాబట్టి మీకు తేలిగ్గా దొరుకుతుంది. గోడ మందంగా ఉంటుంది, కొన్నిటికి చివర మరలు కూడా ఉంటాయి, బోరు మీద పెట్టే మూత దానికే సరిపోతుంది. బరువే దాని ఇబ్బంది. మీటరుకు నాలుగు కిలోలు దాటుతుంది. కంకర దారుల్లో ఎక్కువ తిరిగేవాళ్లకి ఇదే మేలంటాను. నల్లటి హెచ్‌డీపీఈ పైపు దెబ్బకి బాగా ఆగుతుంది కానీ దానికి పైపు గమ్ము అంటుకోదు, మూత బిగించడం తలనొప్పి. అమెరికా వాళ్ల వీడియోల్లో చదరంగా తెల్లగా కనిపించేవి అక్కడి ప్లాస్టిక్ కంచె స్తంభాలు. వాటి కోసం ఇక్కడ షాపులన్నీ తిరగొద్దు.

ఇప్పుడు చోటు. ట్రైలర్‌ని చదునైన నేల మీద పెట్టి, చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టి, చాప వేసుకుని కిందికి దూరండి. జాకీ మీద ఎత్తి దూరేట్టయితే జాకీని నమ్ముకోకుండా కింద స్టాండ్లు పెట్టండి. ఊరికే చూసి బయటికి రావద్దు, సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోండి. కమాన్ కట్టలు, అంటే చక్రాల మీదుండే స్ప్రింగు పట్టాలు, ఎంత కిందికీ పైకీ ఆడతాయో, టైరు ఎక్కడిదాకా లేస్తుందో, బ్రేకు కేబులు, లైట్ల వైర్లు ఎటు పోతున్నాయో, నిలబెట్టే కాళ్లు మడిచినప్పుడు ఎక్కడికొస్తాయో, స్టెప్నీ ఎటు దిగుతుందో గుర్తు పెట్టాలి. అవన్నీ పోగా మిగిలిన చోటే మీది. మామూలుగా ఛాసిస్‌లో పొడుగునా పోయే ఇనుప దూలానికి (దీన్నే రైలు అంటారు) లోపలి వైపున, దాన్ని ఆనుకుని ముందు నుంచి వెనక్కి ఒక చోటు దొరుకుతుంది.

పైపు అడుగు యాక్సిల్ కంటే కిందికి దిగకూడదు. ఇది మాత్రం బేరమాడే విషయం కాదు. మన ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు కొలత పెట్టి కట్టినవి కావు, ఎవరి వాకిలి ముందు వాళ్లు పోసుకున్నవి కూడా ఉంటాయి. ముందు బండి దాటిపోయాక ట్రైలర్ వెనక భాగం కిందికి ఊగుతుంది చూడండి, రాసుకునేది అప్పుడే. అందుకే కొలతలు ఖాళీ ట్రైలర్ మీద తియ్యొద్దు. నీళ్ల ట్యాంకు నింపి, సామానంతా ఎక్కించి అప్పుడు తియ్యండి. పామూరు దాటి భైరవకోన వైపు పోయే దారుల్లో, సోమశిల చుట్టుపక్కల రాళ్ల బాటల్లో ఒక అంగుళం కూడా తేడా తెలుస్తుంది.

పట్టీల విషయానికొస్తే, ఆటోనగర్‌లో వెల్డింగ్ కుర్రాడికీ నాకూ కాస్త వాదన నడిచింది. నేను బోల్టుల లెక్క చెప్తుంటే అతను హోల్డర్ చేతిలో పట్టుకుని, "ఎందుకన్నా ఈ నట్లూ బోల్టులూ, రెండు టాకాలు కొడితే జన్మలో ఊడదు" అన్నాడు. ఊడదు, నిజమే. విప్పాలన్నా ఊడదు కదా! పైపు పగిలితే మార్చేది ఎట్టా? అదీగాక ఛాసిస్‌కి వెల్డింగ్ వేడి తగిలిన చోటు పక్కనే ఉక్కు కాస్త పెళుసుబారుతుంది, ఏళ్ల తరబడి కుదుపులు పడితే పగులు మొదలయ్యేది అక్కడే. ఇంకా చెప్పాలంటే పైపు అక్కడ పెట్టి వెల్డింగ్ కొడితే ప్లాస్టిక్ ముందే మెత్తబడిపోతుంది. అతను చివరికి ఒప్పుకున్నాడు కానీ, పని అయ్యేదాకా గొణుగుతూనే ఉన్నాడు. చేతిపని మాత్రం చక్కనిది.

మేం చేసింది ఇదీ. 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఇనుప ఫ్లాటు తెచ్చి, అదే పైపు ముక్క ఒకటి లోపల పెట్టి దాని చుట్టూ యూ ఆకారంలో వంచాం. రెండు చెవులు పక్కకి తిప్పి, ఒక్కో చెవికి ఎనిమిది ఎంఎం బోల్టు. షాపులో దొరికే రేకు క్లాంపులు గోడకి పైపు బిగించుకోవడానికి చేసినవి. గోడ కదలదు, ట్రైలర్ కదులుతుంది. వాటిని వాడొద్దు. ఫ్లాటుకీ పైపుకీ మధ్య పాత లారీ ట్యూబు ముక్క వేశాం. అది లేకపోతే ఇనుము అంచు పీవీసీని రోజూ కొంచెం కొంచెం కోసుకుంటూ పోతుంది. నట్లు నైలాక్ రకం, అంటే లోపల నైలాన్ రింగు ఉండేవి, పెట్టండి. మామూలు నట్టు కుదుపులకి విప్పుకుంటుంది. పదమూడో నంబరు స్పానర్ ఒకటి ట్రైలర్‌లోనే ఉంచుకుని, మొదటిసారి బయటికి వెళ్లినప్పుడు దారిలో ఆగి ఒకసారి బిగింపు చూడండి. రబ్బరు అణిగి కొంచెం వదులవుతుంది.

పట్టీకీ పట్టీకీ మధ్య రెండడుగులు. రెండు మీటర్ల పైపు అయిదు కిలోలు, లోపలి సామాను పది పన్నెండు కిలోలు, దానికి ఇన్ని పట్టీలెందుకని అనిపిస్తుంది. నిలబడి ఉన్నప్పుడు పదిహేడు కిలోలే. గుంటలో పడి లేచేటప్పుడు దానికి నాలుగైదు రెట్ల బరువు ఆ పట్టీల మీద పడుతుంది. ఇంకోటి, బ్రేకు వేసినప్పుడు లోపలి రాడ్లన్నీ ముందుకు దూసుకొస్తాయి. ముందు మూత కేవలం గమ్ము మీద ఆధారపడి ఉంటే ఏదో ఒక రోజు ఊడి రోడ్డు మీద పడుతుంది. హైవే మీద వెనక వచ్చేవాడి అద్దంలోకి ఇనుప రాడ్డు పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ముందు మూతకి ఎదురుగా ఛాసిస్ అడ్డ రైలుకి ఒక ఎల్ పట్టీ బిగించి, మూత దానికి ఆనేట్టు పెట్టాలి.

పైపుని అన్ని పట్టీల దగ్గరా ఉక్కిరిబిక్కిరిగా బిగించకూడదు. పీవీసీ వేడికి సాగుతుంది. మీటరుకి, ఒక్కో డిగ్రీకి 0.06 మి.మీ. చొప్పున వేసుకోండి. తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ, చలికాలానికీ ఎండాకాలానికీ ముప్పై డిగ్రీల తేడా ఉంటే రెండున్నర మీటర్ల పైపు నాలుగున్నర మి.మీ. సాగుతుంది. ముందు పట్టీ ఒక్కటి గట్టిగా బిగించి, మిగతావాటిలో పైపు రబ్బరు మీద జారేంత వదులు ఉంచండి. ఎల్ పట్టీకీ మూతకీ మధ్య కూడా ఒక రబ్బరు ముక్క వేస్తే ఆ కాస్త సాగుడు అదే తీసుకుంటుంది. కొందరు మినీ ట్రక్కునే క్యాంపర్‌గా మార్చుకుంటారు. వాళ్లయితే సైలెన్సర్ దరిదాపుల్లో పైపు పెట్టకూడదు. ట్రైలర్‌కి ఆ బెడద లేదు.

మూసి ఉన్న కొస ముందుకి, తెరిచే మూత వెనక్కి. చక్రాలు చిమ్మే నీళ్లూ బురదా మూత మరల మీద తక్కువ పడతాయి. పైపు వెనక్కి ఒక అంగుళం వాలుగా ఉండాలి, వెనక కొసన అడుగున అయిదారు మి.మీ. బెజ్జం ఒకటి. ఎంత గట్టి మూత పెట్టినా లోపలికి నీళ్లు రావడం మానవు. పైనుంచి రాకపోయినా లోపలి గాలిలో తేమ రాత్రి చల్లబడి చెమరుస్తుంది. నెల్లూరు వాళ్లకి చెప్పేదేముంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అల్పపీడనాల కాలం, ఆ మూడు నెలలు బెజ్జం లేని గొట్టం అంటే నీళ్ల తొట్టే. ఆ బెజ్జానికి లోపలి నుంచి దోమల జాలీ ముక్క అంటించండి. జెర్రులూ తేళ్లూ చల్లటి చీకటి చోటు వెతుక్కుంటాయి. పైపులో చెయ్యి పెట్టే ముందు మూత తీసి రెండు తట్టులు తట్టడం నాకు అలవాటు, మీరూ అలవాటు చేసుకోండి, పిల్లలకి మరీ ముఖ్యంగా చెప్పండి.

వెనక మూతకి మరలున్న అడాప్టర్ గమ్ముతో అంటించి, దానికి మర మూత బిగించేది అందరూ చేసే పద్ధతి. గమ్ము పెట్టేముందు రెండు ముఖాలూ గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, పెట్టాక ఒక రాత్రి కదపకుండా వదిలెయ్యండి. ఆ మర మూతతో నాకున్న పేచీ ఒక్కటే, ఇసుక. కొత్తపట్నం బీచిలో సాయంత్రం గాలి లేచిందంటే సన్నటి ఇసుక మరల్లోకి చేరిపోతుంది. మూత తిప్పుతుంటే పళ్ల మధ్య ఇసుక నలిగినట్టు కరకరమంటుంది, రెండు తిప్పులు తిరిగి బిగుసుకుంటుంది. అప్పుడు బలం పెడితే మర తెగుతుంది. పాత పళ్లు తోమే బ్రష్షు ఒకటి మూత పక్కనే కట్టి ఉంచండి. మరలు శుభ్రం చేశాక వేసలీన్ పల్చగా రాస్తే చాలు. గ్రీజు రాశారో, ఇసుకంతా దానికే అంటుకుంటుంది.

బీచి దగ్గరే ఎక్కువ ఉంటామంటే మర మూత మానేసి తొడుగు మూత వాడండి. మామూలు ఎండ్ క్యాప్‌నే గమ్ము లేకుండా తొడిగి, అడ్డంగా ఒక పిన్ను దూర్చేది. పైపుకీ మూతకీ కలిపి ఒకటే బెజ్జం, అందులో పొడుగు పిన్ను, పిన్ను చివర చిన్న తాళం. చూడ్డానికి నాటుగా ఉంటుంది కానీ చీకట్లో కూడా తియ్యొచ్చు, దొంగ భయం కూడా కొంత తగ్గుతుంది. పిన్నుని గొలుసుతో ఛాసిస్‌కి కట్టెయ్యండి, లేకపోతే మొదటి రోజే ఇసుకలో పోతుంది.

సామాను బయటికి లాగడానికి ఒక చిన్న ఏర్పాటు ఉంది, ఎందుకో ఎవరూ చెప్పరు. పైపు లోపలి కొలతకి కొంచెం తక్కువగా ప్లైవుడ్ బిళ్ల ఒకటి కోసి, మధ్యలో తాడు కట్టి ముందు కొసకి తోసెయ్యండి. తాడు ఇవతలి కొస మూత దగ్గరికి రావాలి. ఆ తాడు లాగితే బిళ్ల సామానంతటినీ వెనకనుంచి తోసుకుంటూ బయటికి తెస్తుంది. ఇది లేకపోతే రెండు మీటర్ల లోపలికి జారిపోయిన టెంటు మేకు కోసం సరుగుడు కర్ర పెట్టి కెలుక్కోవాలి. రాడ్లు లోపల మోగకుండా గోనెసంచి ముక్కలో చుట్టండి.

ఏం పెట్టొచ్చంటే, పొడుగ్గా, తేలిగ్గా, తడిసినా పాడుకానివి. పందిరి రాడ్లు, టెంటు కర్రలు, గాలాలు, చుట్టిన పట్టా, మడత చీపురు. బరువైనవి, అంటే జాకీ, పనిముట్లు, గొలుసులు వద్దు. గ్యాస్ సిలిండర్, పెట్రోలు డబ్బా అసలే వద్దు, చిన్నవైనా సరే. తాగే నీళ్లు పట్టుకునే పైపు, వాడిన నీళ్లు వదిలే పైపు ఒకే గొట్టంలో పెట్టకండి. రెండు గొట్టాలు పెట్టుకోవడానికి అసలు కారణం నాకు అదే. ఎడమది మంచినీళ్లది, కుడిది మురికిది, మూతల మీద రంగు వేసి ఉంటుంది. తడి వల కూడా దూర్చొద్దు. మా బావమరిది ఒకసారి మైపాడులో వల చుట్టి లోపల పెట్టి మర్చిపోయాడు. ఇంటికొచ్చాక ఆ వాసనకి మా వీధి పిల్లులన్నీ ట్రైలర్ చుట్టూ చేరాయి, మా అక్క ఆ రోజు వాడికి చేపల పులుసు పెట్టలేదు.

బరువు ఎటు పడుతుందో కూడా చూసుకోండి. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు దాకా ముందు కొక్కెం మీద ఉంటే బండి నిలకడగా లాగుతుంది. గొట్టాలన్నీ యాక్సిల్ వెనకే పెట్టి నింపితే ముందు తేలికపడి, ఎనభై దాటగానే వెనక ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఎన్‌హెచ్-16 మీద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ఆ ఊపు ఇంకా ఎక్కువ. కాబట్టి గొట్టం యాక్సిల్‌కి రెండు వైపులా పరుచుకునేట్టు, వీలైతే ముందు వైపు కాస్త ఎక్కువ ఉండేట్టు చూడండి. చిన్న ట్రైలర్‌కి రెండు గొట్టాలు దాటితే అత్యాశే.

రిజిస్ట్రేషన్ గురించి కూడా టెన్షన్ పడుతున్నారు కదా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. విప్పి తియ్యగలిగేట్టు బోల్టుతో బిగించిన గొట్టం వల్ల పొడవూ వెడల్పూ మారవు. కానీ గొట్టం కొస బాడీ దాటి బయటికి పొడుచుకొస్తే, నంబరు ప్లేటుకో వెనక లైటుకో అడ్డొస్తే, ఆపినవాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కొస బాడీకి ఒక జానెడు లోపలే ఉండనివ్వండి. వెల్డింగ్ వద్దనడానికి ఇది కూడా ఒక కారణమే అనుకోండి.

సముద్రం దగ్గర ఉండి వచ్చాక మంచినీళ్లతో అడుగు కడగాలి. ఇనుప పట్టీలకి రెడ్ ఆక్సైడ్ వేసి పైన ఎనామిల్ వేస్తే కొంతకాలం ఆగుతుంది, బోల్టులు మాత్రం డబ్బులు చూసుకోకుండా స్టీలువి కొనండి. పైపు ట్రైలర్ నీడలోనే ఉంటుంది కాబట్టి రంగు తప్పనిసరి కాదు, పక్కనుంచి ఎండ తగిలే చోటుంటే ఒక కోటు వెయ్యండి.

మీ ఛాసిస్ సి ఛానలా (ఒక పక్క తెరిచి సి అక్షరంలా ఉండే దూలం), బాక్స్ పైపా (నాలుగు పక్కలా మూసి ఉండే చదరపు గొట్టం) చెప్పలేదు. సి ఛానల్ అయితే బెజ్జాలు నిలువు ముఖం మధ్యలోనే వెయ్యాలి, పైనా కిందా ఉండే రెక్కల మీద వెయ్యకూడదు. బరువంతా మోసేవి ఆ రెక్కలే. బాక్స్ పైపు అయితే అసలు బెజ్జమే వద్దు. లోపలికి నీళ్లు పోయి తుప్పు పడుతుంది, బోల్టు బిగిస్తే గోడ నొక్కుకుపోతుంది. దానికి పైనుంచి యూ బోల్టు తొడిగి, కింద ఒక ప్లేటు పెట్టి, ఆ ప్లేటుకి పట్టీ వేలాడదీయించుకోండి. ఏ ఛాసిస్ అయినా కొక్కెం దగ్గరుండే ముందు త్రికోణం జోలికి మాత్రం డ్రిల్లు పట్టుకుని వెళ్లొద్దు, ట్రైలర్‌ని లాగేది అదే. అడుగు భాగం ఫోటో ఒకటి పెడితే పట్టీలు ఎక్కడ పడతాయో గీసి చూపిస్తాను.